ఇంజిను ఆపకు కోడలా

మా అత్త ముందు ఏ వస్తువునీ చచ్చిపోయిందని అనకూడదు. దీపం ఆరిపోయిందంటామా, కొండెక్కిందంటాం గాని, అన్నిటికీ అదే వరస అంటుంది. ఆ రోజు పొద్దున్న నేను కారు తాళం తిప్పితే టిక్కు టిక్కుమనడం తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ తిప్పాను. ఈసారి ఆ టిక్కు కూడా పోయింది. స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటిచ్చాను. వీధరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న అత్త తలెత్తి చూసింది.

"బ్యాటరీ కొండెక్కిపోనాదేటే?"

"ఎక్కిందత్తా. నన్ను కూడా ఎక్కించీమను."

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మంచిదే, కాబట్టి ఆ సామెత నా దగ్గర చెల్లదు. కానీ ఆ పూట నా కోపానికి కారణం ఉంది. కారు వెనక సీట్లో వెదురు తట్ట నిండా జీడిపళ్లున్నాయి. అవి తీసుకుని నేను పలాస స్టేషనుకి వెళ్లాలి. మా అక్క ఎక్కిన రైలు వస్తోంది.

అక్క నాకున్న ఒక్కగానొక్క తోబుట్టువు. మా కన్నవారిది ఉద్దానంలోని జలంత్రకోట. కొబ్బరితోట, జీడితోట, ఆ రెంటినీ మించిన పరువు ఉండేవి మాకు. ఇచ్ఛాపురం స్టేషన్లో పనిచేసే ఒడియా ఆయన్ని చేసుకుంటానని అక్క అన్న రోజున నాన్న, "అయితే ఇంక నా గుమ్మం తొక్కొద్దు" అన్నాడు. కోపంలో అన్న మాట. సాయంత్రానికి చల్లారేవాడే. కానీ అక్క కూడా ఆయన కూతురే కదా. "గుమ్మమే కాదు నాన్నా, నీ ఉద్దానం నేలే తొక్కను. ఒట్టు" అని పెరటి దారిన వెళ్లిపోయింది. అప్పుడు నేను రెండు జడలేసుకునేదాన్ని. బావిగట్టు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను.

బావకి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. అక్కడే ఇల్లు కట్టుకున్నారు. అప్పుడు మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. వాళ్లు విశాఖపట్నం వైపు ఎప్పుడు వెళ్లినా బండి పలాసలో ఆగుతుంది. ఇంజిను డ్రైవర్లు మారే స్టేషను కనక కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. రైల్లో పోయే చుట్టాలకి ప్లాట్‌ఫారం మీదకెళ్లి క్యారేజీ అందించడం మా వైపు మామూలే. అమ్మ క్యారేజీ కట్టి నన్ను బస్సెక్కించేది. నాన్నకి తెలియదనే అనుకున్నాం. జీడిపళ్ల రోజుల్లో మాత్రం, నేను బయల్దేరే వేళకి గుమ్మం పక్కన ఆకులు పరిచిన తట్టలో పళ్లుండేవి. ఎవరు కోశారని ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చాక నాన్న పేపర్లోంచి తలెత్తకుండా ఒక్కటే అడిగేవాడు.

"బండి టైముకే వొచ్చిందేటి?"

"వచ్చింది నాన్నా."

అంతే. అక్క చిక్కిందా, పిల్ల నడుస్తోందా, నా మాట ఏమైనా ఎత్తిందా, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉండేవి. ఆయన అడిగింది బండి గురించి కాబట్టి నేను బండి గురించే చెప్పేదాన్ని. ఆ ఇంట్లో మాటకి మాట అంతే కొలత.

పెళ్లయి నేను పలాసకి దగ్గరగా ఈ ఊరొచ్చాను. అమ్మ పోయాక క్యారేజీ కట్టే పనీ నాదే అయింది. అక్కని నేను చూసిందంతా రైలు కిటికీలోంచే. మొదట చువ్వల వెనక, తరవాత ఏసీ పెట్టె వచ్చాక తలుపు దగ్గర. "ఒక్కసారి దిగవే" అని బతిమాలేదాన్ని. తల అడ్డంగా ఊపేది.

"పలాస ఉద్దానం కాదే. ఇది పట్నం" అనేదాన్ని.

"జీడిపిక్కలు కాల్చిన వాసనొత్తంది. ఉద్దానమే" అనేది.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఇదిగో గట్టు" అని ప్లాట్‌ఫారం చూపిస్తే పగలబడి నవ్వేది. రైలు మెట్టు దాకా పాదం వచ్చేది. కిందకి మాత్రం దిగేది కాదు. నాన్న పోయినప్పుడూ రాలేదు. ఆ తరవాతెప్పుడో నేను గట్టిగా దెబ్బలాడితే, తలుపు కడ్డీ పట్టుకుని మెల్లగా అంది: "ఆ ఒట్టు ఒగ్గీమని నాన్నంటే ఒగ్గీసుందును. ఇప్పుడింక ఎవులంటారే?"

కిందటేడు బావ పోయాడు. కూతురు కోయంబత్తూరులో ఉద్యోగం. ఖరగ్‌పూర్ ఇల్లు ఖాళీ చేయించి అక్కని తనతో తీసుకుపోతోంది. "ఇంక ఆ లైన్లో రావడానికి నాకు పనేటుంది?" అంది అక్క ఫోన్లో. ఆ వెంటనే, "జీడిపళ్లు తెత్తావా?" అంది. నేను కోయంబత్తూరు వెళ్లొచ్చు, వెళతాను కూడా. కానీ నాకు కావలసింది అది కాదు. ఒక్క అడుగు, ఇక్కడ, మా నేల మీద. ఈసారి కాళ్లు పట్టుకునైనా దింపాలనుకున్నాను. ఈ బండి దాటిపోతే ఇంకో బండి లేదు.

అలాంటి రోజున కొండెక్కింది బ్యాటరీ. ఎలా ఎక్కిందో కూడా చెబుతాను. అంతకు ముందు ఈదురుగాలి కొట్టింది. కొబ్బరిచెట్లు తీగల మీద పడి ఊరికి కరెంటు పోయింది. మా వీధిలో కారున్నది మాకొక్కరికే. నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లినప్పుడు అత్త తాళం ఇచ్చింది. ఊళ్లో ఫోన్లన్నీ ఛార్జింగుకని మా కారులో పాలు తాగాయి. ఎవరినడిగినా, "నాను సిటికెడు సేపే ఎట్టేను" అన్నవాళ్లే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం.

మా ఆయన కొబ్బరికాయల లోడుతో బరంపురం వెళ్లాడు. బైకు ఆయన దగ్గరే ఉంది. ఆటోలు గాలివాన సామాన్లు మోస్తూ ఎక్కడివక్కడ పోయాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపం ట్రాక్టరు మావ మీద పడింది. ఆయన మా మావగారి తమ్ముడు. ట్రాక్టరెక్కితే కిందకి దిగి మాట్లాడ్డం ఆయనకి నామోషీ. ఆయన ఫోనూ మా కారులో తాగొచ్చినదే.

"మావా, ట్రాక్టరు తెచ్చి నా కారు లేపుతావా, నీ ఫోను సముద్రంలో గిరాటెయ్యనా?"

"తెత్తన్నాను కోడలా. అరవకు, బండి బెదిరిపోద్ది."

నా కనకాంబరం మొక్కలన్నీ తొక్కించి, ట్రాక్టరుని కారుకి ఎదురుగా తెచ్చి నిలిపాడు. బానెట్ ఎత్తితే బ్యాటరీ కొనల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. అత్త కాచిన వేణ్ణీళ్లు పోసి, చింతపండు పీచుతో అత్తే తోమింది. మావ తన వైర్లు తెచ్చాడు. ఆయన ట్రాక్టరు బ్యాటరీ రోజూ మొరాయిస్తుంది కాబట్టి ఆ వైర్లు ఆయన సీటు కిందే ఉంటాయి. "ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల" అని గొణుక్కుంటూ, ఒక ఎర్రది తన బ్యాటరీకి, ఒకటి నా బ్యాటరీకి, అలాగే నల్లవీ తగిలించాడు. ఆఖరిది తగిలిస్తున్నప్పుడు చిటుక్కున నిప్పురవ్వ లేచింది. అత్త రామ రామ అనుకుంది. ట్రాక్టరు ఇంజిను కాసేపు బాగా రేజు చేసి, "ఇప్పుడు తిప్పు కోడలా" అన్నాడు.

తిప్పాను. గుర్రుమంది. వీధిలో నిలబడ్డ ఫోన్లవాళ్లందరూ తామే లేపినట్టు ముఖాలు పెట్టారు.

మావ వైర్లు విప్పి, ఆ రోజు మొదటిసారిగా నా కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"కోడలా, ఒక్క మాట. ఇంజిను ఆపకు. స్టేసనుకెళ్లీదాక ఆపకు. స్టేసన్లోనా ఆపకు. ఆపినావంటే ఇది మరి లెగదు."

"ఆపను మావా."

"మర్సిపోతావు."

"నీలాంటిదాన్ననుకున్నావా?" అని బయల్దేరాను.

దారంతా విరిగిన కొబ్బరి మట్టలు. జీడితోటల్లో రాలిన పళ్లు ఎర్రగా, పచ్చగా నేలంతా పరుచుకుని పులిసిన వాసనొస్తోంది. జీడిపప్పు దేశమంతా పోతుంది గాని, పండు ఉద్దానం దాటదు. రాలిన పూటే తినాలి. కొరియర్లో వేస్తే అటు చేరేది సారాయే. అందుకే ఖరగ్‌పూర్లో అక్కకి సముద్రం చేపలు దొరికాయి, పనసకాయ దొరికింది, ఇది మాత్రం దొరకలేదు. చేతిలోంచి చేతికి వెళ్లాల్సిన పండు. నౌపడ ఉప్పు కాగితంలో పొట్లం కట్టి తట్టలో దోపాను. ఉప్పు లేకుండా తింటే గొంతు పట్టేస్తుంది.

ఇంజిను ఆపకు, ఇంజిను ఆపకు అనుకుంటూనే నడిపాను. ఆ మాటల మధ్య అక్కతో ఏమనాలో కూర్చుకుంటున్నాను. నాన్న లేడు కాబట్టి ఆయన బదులు నేనంటున్నాను, ఆ ఒట్టు ఒగ్గీయ్ అనాలి. చెల్లెలి మాట చెల్లుతుందా అంటే, అమ్మ చేసిన క్యారేజీలన్నీ మోసినదాన్ని, చెల్లుతుందనాలి. అలా అనుకుంటుంటే కళ్లు మసకేశాయి. ఎదురుగా రైలు గేటు పడి ఉంది. ముందు లారీ ఆగింది. లారీ వెనక నేనూ ఆగాను.

ఆగి, తాళం తిప్పేశాను.

మా ఆయన డ్రైవింగు నేర్పినప్పుడు మొదటి పాఠం గేరు కాదు, క్లచ్చు కాదు. గేటు పడితే ఇంజినాపు, పెట్రోలు ఊరికే రాదు. మా వైపు రైలు పట్టాలకి అటోసారి ఇటోసారి తిరిగే వాళ్లందరి చేతికీ ఆ అలవాటుంది. గేటు కనిపించగానే ఆటో, బైకు, లారీ, అన్నీ ఒకేసారి నోరు మూసుకుంటాయి. నా చెయ్యీ ఆ పనే చేసింది. ఆ నిశ్శబ్దంలో కాకి అరిచింది. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో.

తిప్పి చూశాను. టిక్కు. ఇంకోసారి. అదీ లేదు. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. అచ్చులో బాగుండవు.

గూడ్సు బండి తాపీగా పోయింది. గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి. జీడిపప్పు ఫ్యాక్టరీకి ఆటోలో వెళుతున్న ఆడవాళ్లు దిగి, "ఏటమ్మా, బండి నడవదేటి" అని కొంగులు దోపుకుని తోశారు. "సెకండు గేరెయ్యండి", "క్లచ్చొగ్గండి" అని తొయ్యనివాళ్లందరూ సలహాలిచ్చారు. పట్టాల దగ్గర రోడ్డు ఎగువ. ఎంత తోసినా కారు ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. చివరికి వెనక్కి జరిపి టీ కొట్టు పక్కన పెట్టాం.

"ఏ బండికమ్మా?" అని అడిగారు ఒకాయన. తెల్ల చొక్కా, పాత బైకు, ట్యాంకు మీద సంచిలో బైబిలు. మా పక్క ఊరి బాప్టిస్టు సంఘం పాస్టరుగారు. గాలికి గుడి రేకులు లేచిపోతే కొత్తవి చూడటానికి పలాసని ఆనుకున్న కాశీబుగ్గ వెళుతున్నారట. అక్క వెళ్లిపోతోందని, ఇదే ఆఖరు బండి అని ఆయనకి చెప్పేశాను. దారినపోయే మనిషికి ఎందుకు చెప్పానో తెలియదు. గొంతులో ఉన్నది వచ్చేసింది.

"ఎక్కండి" అని కళ్లు మూసుకున్నారు.

"అయ్యగారూ, ప్రార్థన దారిలో సేసుకుందాం. బేగి పోనియ్యండి."

"మీ గురించి కాదమ్మా. నా బండి గురించి. దీనికీ సెల్ఫు నేదు" అని కిక్కు కొట్టారు. ఆయన ప్రార్థన ఫలించింది.

తట్ట నా ఒళ్లో, నేను ఆయన వెనక. ప్రతి గోతికీ పళ్లు నలిగి రసం కారింది. నా చీర సరే. ఆయన తెల్ల చొక్కా వీపంతా మచ్చలు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. జీడి మరక చొక్కా చిరిగేదాకా పోదు. స్టేషను ముందు దిగి ఆ సంగతి చెబితే, "ముందు మీరెళ్లండమ్మా" అన్నారు. అప్పుడు చూసుకున్నాను, ఫోను లేదు. ఛార్జి కోసం కారులోనే తగిలించి వచ్చేశాను.

బండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పెట్టెలు చూసుకుంటూ, తట్ట తల మీద పెట్టుకుని పరిగెత్తాను. ఏసీ పెట్టె తలుపు దగ్గర అక్క లేదు. అక్క కూతురు నిలబడి ఉంది.

"పిన్నీ, ఎక్కడికెళ్లిపోయావు? ఎన్నిసార్లు ఫోన్ చేశాం. అమ్మ నీకోసం చూసి చూసి దిగిపోయింది."

"ఏమైంది?"

"దిగిపోయింది. అదిగో."

ప్లాట్‌ఫారం ఆ చివర నీళ్ల పంపు దగ్గర, తెల్లజుట్టు ముడితో, నలిగిన నేత చీరతో, ఒక సన్నటి మనిషి టీ అమ్మేవాడిని పట్టుకుని చేతులు తిప్పుతూ ఏదో అడుగుతోంది. నా ఎత్తు, నా లావు చూపిస్తోంది. చూపించిన లావు నిజం కంటే ఎక్కువే. కాళ్లకి చెప్పుల్లేవు. చెప్పులు బెర్తు కింద వదిలేసి దిగిపోయింది. అక్క. నేల మీద.

పిలవబోయి ఆగిపోయాను. పిలిస్తే ఉలిక్కిపడి కిందకి చూసుకుంటుందేమో, ఒట్టు గుర్తొచ్చి పరిగెత్తి ఎక్కేస్తుందేమో అని భయమేసింది. కూర్చుకున్న మాటలన్నీ మింగేశాను. నడిచి వెళ్లి పక్కన నిలబడ్డాను.

తిరిగి చూసింది. నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"ఏటే, బతికే ఉన్నావా? ఫోనెత్తవేటి? గుండె జారిపోనాది నాకు. ఎప్పుడూ నానొచ్చీతలికి నిలబడుండీదానివి, కనబడకపోతే ఏటనుకోవాల?"

"ఫోను కారులో ఉండిపోయింది."

"కారెక్కడ?"

"గేటు కాడ. బ్యాటరీ కొండెక్కిపోయింది."

ఆ మాటకి అక్క నవ్వింది. అమ్మ కూడా అలాగే అనేదంది. ఇక మిగిలిన సమయమంతా బ్యాటరీకే పోయింది. ఫోన్ల సంగతి, ట్రాక్టరు, కనకాంబరాలు, గేటు దగ్గర నా చెయ్యి చేసిన పని, పాస్టరుగారి కిక్కు. నేను చెబుతుంటే అక్క తట్టలోంచి నలగని పండొకటి ఏరి, ఉప్పద్దుకుని, ఆ నీళ్ల పంపు దగ్గరే వంగి తింది. మోచేతి దాకా రసం కారింది. "నాన్న కోసినట్టే ఉన్నాయే" అంది. బావ గురించి నేను అడగలేదు. కొత్త ఊరంటే భయంగా ఉందా అని అడగలేదు. మళ్లీ ఎప్పుడని తను అడగలేదు. ట్రాక్టరు మావ ఫోను సముద్రంలో వేస్తానన్న దగ్గర ఇద్దరం నవ్వలేక చచ్చాం.

ఇంజిను కూత వేసింది. కూతురు తలుపులోంచి అరుస్తోంది. ఇద్దరం పరిగెత్తాం. అక్క మెట్టెక్కలేకపోతే నడుం పట్టుకుని పైకి తోశాను. పొద్దున్నుంచీ తొయ్యడమే పనైంది నాకు. తట్ట అందించాను. బండి కదిలింది. అప్పుడు, తలుపు కడ్డీ పట్టుకుని, అక్క ఒక పాదం తిప్పి అరికాలు చూసుకుంది. నల్లగా ఉంది, ప్లాట్‌ఫారం మట్టి, జీడిపండు రసం కలిసి.

"ఒలే, తొక్కీసినాను కదే" అంది.

ఏడుపో నవ్వో పోల్చుకోలేకపోయాను. బండి వేగం అందుకుంది. కాలు కడుక్కుందో లేదో నాకు తెలియదు. ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా ఆ సంగతి అడగలేకపోయాను.

సాయంత్రం కాశీబుగ్గ మెకానిక్కు వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. ఇప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. పలాస స్టేషను ముందు నుంచి వెళ్లినప్పుడల్లా లోపలికి చూస్తాను. ఆగే పని లేదు. ఆలస్యం అమృతం విషం అని టీచరునైన దగ్గర్నుంచీ బడిలో పిల్లల చేత రాయిస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లూ బండి రాకముందే వెళ్లి ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క ఎందుకు దిగుతుంది?

ఆ రోజు ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చింది. అత్త అన్నం తినమంది. నేను వాకిట్లో కారులోనే కాసేపు కూర్చున్నాను. ఇల్లు నాది, వాకిలి నాది, నాన్న ఎన్నడూ ఇక్కడ పేపరు చదివింది లేదు. అయినా ఎవరో తలెత్తకుండా అడుగుతారని ఎదురుచూశాను.

వచ్చింది నాన్నా. బండి టైముకే వచ్చింది. నేనే ఆలస్యంగా వెళ్లాను. అక్క దిగింది.